ఊళ్ళో లేదని రాశాం

గత నెలలో తాడేపల్లిగూడెం బస్‌స్టాండులో ఏలూరు బస్సు ఎక్కాను. ఎవరో కండక్టరుని బతిమాలుకుని ఉల్లిపాయల బస్తా ఒకటి నా కాళ్ళ ముందుకి తోశారు. ఎండకి వేడెక్కిన గోనె, అందులో మెత్తబడుతున్న పాయలు ఒకటో రెండో, ఆ ఘాటు. పక్కావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం ఆ వాసన కోసం ఇంకాస్త ముందుకి వంగాను. ఉంగుటూరు దాటేదాకా స్థిమితంగా కూర్చోలేకపోయాను. ఒళ్ళో ఉన్న ఫైలు తెరిచాను, మూశాను, మళ్ళీ తెరిచాను. ఆ వాసన తగిలితే చాలు, వీర్రాజు గారు దగ్గర్లోనే ఎక్కడో నిలబడి, నేను రాసిన కాగితం చూసి ఏదో అడగబోతున్నట్టు ఉంటుంది నాకు.

వీర్రాజు గారు కోర్టు అమీనా. ఫలానా రోజు కోర్టుకి రావాలని పంపే సమన్లు ఊరూరా తీసుకెళ్ళి, మనిషిని వెతికి పట్టుకుని, చేతికిచ్చి సంతకం పెట్టించుకోవడం ఆయన ఉద్యోగం. ఉద్యోగం ఏలూరులో, కాపురం తాడేపల్లిగూడెంలో, ఉల్లిపాయల మార్కెట్టు వెనక సందులో. అందుకే ఆయన గుడ్డసంచీలోంచి తీసిన ప్రతి కాగితానికీ ఆ వాసనే. సన్నటి మనిషి. ఎడమ మోకాలు కొంచెం ఈడ్చేవారు. ఎవరి ఇంటి ముందు నిలబడినా చెప్పులు విడిచి, ఇంటిపేరుతో సహా పూర్తి పేరు మూడుసార్లు పిలిచేవారు. "సమను పట్టుకొచ్చేవాడి మీద ఎవరికీ ప్రేముండదమ్మా. కనీసం పేరైనా మర్యాదగా పిలవకపోతే ఎలాగ?" అనేవారు.

నాకు ఆయన పరిచయమయ్యేనాటికి నేను ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. ఏలూరు రెవెన్యూ ఆఫీసులో ఓటర్ల జాబితా సెక్షన్లో జూనియర్ అసిస్టెంటుని. ఆ పనంటే నాకు ఒక కసి ఉండేది. మా తాతయ్య పోయిన ఆరేళ్ళకి కూడా ఆయన పేరు జాబితాలో ఉండేది. ఒక ఎన్నికలో ఎవరో ఆయన ఓటు వేసేసి పోయారు కూడా. మా నాన్నమ్మ పోలింగ్ బూతు దగ్గర ఆ సంగతి విని, "ఆయనొచ్చేరా? ఎటెళ్ళేరు?" అని నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. లేని మనుషులు జాబితాలో ఉండకూడదని ఆ రోజే అనుకున్నాను. ఉన్న మనుషులు లేకుండా పోవడం గురించి నాకప్పుడు తట్టలేదు.

ఆ ఏడు మా ఆఫీసరు గారికి ఒక ఆలోచన వచ్చింది. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి, "కొన్ని దేశాల్లో కేసులు వినడానికి మామూలు జనాన్నే జ్యూరీగా పిలుస్తారట. పిలుపు అందినవాళ్ళు మేమీ ఊళ్ళో ఉండటం లేదనో, ఇంటివాళ్ళు ఆయన పోయారనో రాసి పంపితే, ఆ రికార్డులు ఓటర్ల జాబితా చూసేవాళ్ళకి అందుతాయట. దాంతో జాబితా శుభ్రపడుతుంది. మనకి జ్యూరీ లేదు. కాని సమన్లున్నాయి కదా! అందకుండా తిరిగొచ్చిన సమన్ల వివరాలు తెప్పిస్తున్నాను. నువ్వు జాబితాతో పోల్చి చూడు" అన్నారు. నాకు ఆ ఆలోచన భలేగా నచ్చింది. నాలుగు రోజుల తరవాత ఆ వివరాలు పట్టుకుని మా గుమ్మంలో చెప్పులు విడిచిన మనిషి వీర్రాజు గారు.

సమను అందకపోతే అమీనా దాని వెనక ఎందుకు అందలేదో రాస్తాడు. ఆ వెనకవైపు రాతలన్నీ ఆయన ఒక నోటు పుస్తకంలోకి ఎక్కించి తెచ్చారు. గుండ్రటి అక్షరాలు. ‘మనిషి చనిపోయినాడు, దినం రోజున నేనే వెళ్ళితిని.’ ‘ఇల్లు అమ్ముకుని పోయినారు, కొన్నవారిని విచారించితిని.’ ‘ఊరు విడిచినట్లు ఇంటివారు చెప్పినారు.’ నేను కంప్యూటర్లో గళ్ళు గీసుకుని కూర్చున్నాను. పేరు, ఊరు, కారణం. కారణంలో రెండే మాటలు: ‘మరణించారు’ లేదా ‘ఊళ్ళో లేరు’. ఆయన నా భుజం మీంచి తెర వైపు కాసేపు చూశారు.

"అమ్మాయ్ గారూ, ఎవరు చెప్పేరో రాయడానికి గడేదండీ?"

"అదెందుకండీ వీర్రాజు గారూ? కారణం ఉంది కదా."

"చూసింది వేరు, విన్నది వేరు కదమ్మా. మీ గడిలో రెండూ ఒక్కలాగే కనపడుతున్నాయి."

"అంత చోటు లేదండీ ఇందులో" అన్నాను. నిజానికి చోటుంది. ఓపికే లేదు.  ఎవరినీ రెండోసారి హెచ్చరించే మనిషి కాదాయన.

కాని మర్నాడు మళ్ళీ వచ్చారు. "వట్లూరు వైపు పనుందమ్మా. మీ ఆఫీసరు గారిని అడిగి రెండు గంటలు నాతో రండి. మీ కాగితంలో ఊళ్ళో లేరని ఉన్న ఒకాయన్ని చూద్దాం" అన్నారు. ఆఫీసరు గారు సరే అన్నారు. వట్లూరులో అప్పుడప్పుడే పొలాలు ప్లాట్లుగా మారి, కాలేజీ పిల్లల కోసం మూడేసి అంతస్తులు లేస్తున్నాయి. ఒక మేడ ముందు ఆయన పూర్తి పేరు మూడుసార్లు పిలిచారు. కింద వాటాలోవాళ్ళు, "ఆయన ఖాళీ చేసి ఏడాదైందండి" అన్నారు. నేను వెనక్కి తిరిగాను. వీర్రాజు గారు కదల్లేదు. సందు చివర ఇస్త్రీ బండి దగ్గరికి నడిచి, ఆ పేరు గలాయన చొక్కాలు వస్తున్నాయా అని అడిగారు. "రాకేమండి, నిన్న కూడా ఇచ్చేను. మేడ మీద గదికి మారేరు కదండి, పైకెళ్ళండి" అన్నాడు ఇస్త్రీ ఆయన. పైన, నీళ్ళ టాంకు పక్క రేకుల గదిలో, ‘ఊళ్ళో లేని’ మాస్టారు చద్దన్నం తింటున్నారు. కింద వాటావాళ్ళతో నీళ్ళ మోటారు దగ్గర తగువట. మాటల్లేవు. మాటల్లేని మనిషి వాళ్ళ లెక్కలో ఊళ్ళోనే లేడు.

ఆ రోజు నేను బాగా నవ్వాను. మాస్టారి పేరు జాబితాలోంచి తీసేయబోయి ఆపాను. అంతే. మిగిలిన పేర్ల కోసం ఎక్కే మెట్లూ, దిగే మెట్లూ తలుచుకుంటే కాలు కదల్లేదు. గడువు దగ్గర పడింది. పేరు తీసేముందు ఆ ఊరి బూతు అధికారి ఆ మనిషి ఇంటికి వెళ్ళి విచారించాలి. వానలకి కొల్లేరు పొంగి లంక ఊళ్ళకి రోడ్లు మునిగాయి. కొన్ని ఊళ్ళనుంచి కాగితాలు రాలేదు. ఆ పేర్లవాళ్ళ ఇళ్ళకి పంపిన నోటీసులకి జవాబు లేదు. జవాబు లేకపోవడమే జవాబు అనుకున్నాను. ‘విచారించడమైనది’ అని టైపు చేసి, కింద పొట్టి సంతకం పెట్టి, ఆఫీసరు గారి బల్ల మీద పెట్టాను. జాబితా అచ్చయింది. ఆఫీసరు గారు అందరి ముందూ మెచ్చుకున్నారు. ఆ సాయంత్రం బజారులో గాజులు కొనుక్కున్న గుర్తు.

ఆ తరవాత వచ్చిన పంచాయతీ ఎన్నికలు కూడా అయిపోయాయి. ఒక ఉదయం ఆఫీసు తలుపు తీసేసరికి వరండాలో ఒకావిడ కూర్చుని ఉంది. నలభై అయిదేళ్ళుంటాయి. చీర కుచ్చెళ్ళు మోకాలి కిందిదాకా తడి. చేపల మేత వాసన. కొల్లేటికోట అవతల ఒక లంక ఊరు ఆవిడది. ఆ ఊరి పేరు రాయను, వాళ్ళంతా ఇంకా అక్కడే ఉన్నారు. ఆవిడ పేరు నాగమణి అనుకుందాం.

"ఏవండీ, ఓటర్ల కాగితాలు చూసేది మీరేనాండి?"

"నేనేనండి, చెప్పండి."

"నేను ఊళ్ళో లేనని రాసింది కూడా మీరేనాండి?"

కోపంగా అడగలేదు. దారి అడిగినట్టు అడిగింది. చేతిలోని కాగితాలు బల్ల మీద పరిచింది. భర్త పోయాక అతని వాటా చేపల చెరువు ఆవిడకి రావాలి. బావగారు చెరువంతా తనదేనని కోర్టుకి వెళ్ళాడు. సమను ఇంటికి వచ్చినప్పుడు తోడికోడలు, "మొగుడు పోయేక ఎటో వెళ్ళిపోయిందండి" అని చెప్పింది. నాగమణి ఎటూ వెళ్ళలేదు. ఇంట్లో ఇమడలేక చెరువు గట్టు మీద కాపలా పాకలో ఉంటోంది. ఇంటికీ పాకకీ మధ్య దోనె మీద పావుగంట. ఆవిడ కోర్టుకి రాలేదు కాబట్టి ఆవిడ లేకుండానే తీర్పయిపోయింది. సంగతి తెలిసి, నేనెక్కడికీ పోలేదు మహాప్రభో, కేసు మళ్ళీ వినండని అర్జీ పెట్టుకుంటే, బావగారి ప్లీడరు ఓటర్ల జాబితా నకలు తెచ్చి చూపించాడు. ఈవిడ ఊరు విడిచి పోయిందని సర్కారే పేరు తీసేసింది, ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి అన్నాడు.

"ఓటు వెయ్యడానికి వెళ్తే లేదన్నారండి. పోనీలే అనుకున్నాను. ఇప్పుడు చెరువూ లేదంటున్నారు. నేనున్నానని చెప్పడానికి ఇంకెవరి దగ్గరికెళ్ళాలండి?"

లోపలికి వెళ్ళి ఫైలు తీశాను. నా సంతకం. దాని పైన ‘విచారించడమైనది’. ఆధారం ఏమిటని చూస్తే, అందకుండా తిరిగి వచ్చిన సమను. అదే సమను, అదే కేసు. తోడికోడలు ఆడిన ఒక్క అబద్ధం కోర్టు కాగితం మీదికి ఎక్కింది. అక్కణ్ణుంచి నా జాబితాలోకి వచ్చింది. నా జాబితాలోంచి మళ్ళీ కోర్టుకే సాక్ష్యంగా వెళ్ళింది. తిరిగొచ్చేసరికి దాని మీద ప్రభుత్వం ముద్ర ఉంది. నోటు పుస్తకంలో ఆ వరస వెతికాను. గుండ్రటి అక్షరాలు: ‘ఊరు విడిచినట్లు ఇంటివారు చెప్పినారు.’

ఆ మధ్యాహ్నమే సెలవు పెట్టి గూడెం వెళ్ళాను. వీర్రాజు గారు రిటైరై రెండు నెలలు. పెన్షను కాగితాలు ఇంకా కదలలేదు. అరుగు మీద కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటున్నారు. చెప్పింది మొత్తం విన్నారు.  లోపల్నుంచి వాళ్ళావిడ మంచినీళ్ళు తెచ్చి, మా మొహాలు చూసి, గ్లాసు పెట్టి వెళ్ళిపోయారు.

"గుర్తుందమ్మా ఆ రోజు" అన్నారు. "ఇంటావిడ తలుపు సగమే తీసింది. మాటలో తేడా తెలుస్తూనే ఉంది. గట్టు మీదికెళ్ళి చూద్దామనుకున్నాను. ఆఖరి దోనె కదిలిపోతోంది. మోకాలు నెప్పి. ఇంటివారు చెప్పేరని రాస్తే అబద్ధం కాదు కదా అనుకున్నాను. కాదు కూడా. అదేనమ్మా దాంతో వచ్చిన చిక్కు."

మర్నాడు ఇద్దరం వెళ్ళాం. బస్సు దిగి ఆటో, ఆటో దిగి దోనె. నీటి మీద అల్లుకున్న గుర్రపుడెక్క మధ్యలోంచి గడకర్ర వేస్తూ సరంగు నడుపుతున్నాడు. కిక్కిస గడ్డిలోంచి పిట్టలు లేస్తున్నాయి. నాకు ఏవీ చూడబుద్ధి కాలేదు. గట్టు చేరాక వీర్రాజు గారు మోకాలు పట్టుకుని మెల్లగా దిగారు. బురదలోనే చెప్పులు విడిచారు. పాక కళ్ళెదురుగా ఉంది. పాక ముందు నాగమణి మేత కలుపుతూ కనిపిస్తూనే ఉంది. అయినా ఆయన నిలబడి, ఇంటిపేరుతో సహా ఆవిడ పేరు మూడుసార్లు పిలిచారు.

"ఆయ్, నేనేనండి. ఇక్కడే ఉన్నానండి" అందావిడ చేతులు కడుక్కుంటూ.

"ఈ పిలుపు అప్పుడే ఇక్కడికొచ్చి పిలవాల్సిందమ్మా. పిలవలేదు. తప్పయిపోయింది" అని చేతులు జోడించారు. ఆవిడ కంగారుపడి, "పెద్దవారు, అలా అనకండి" అంటూనే, తల పక్కకి తిప్పుకుని కొంగుతో మొహం తుడుచుకుంది. నేను కూడా ఏదో చెప్పాలి. చెప్పకుండానే తిరుగు దోనె ఎక్కాను.

అసలు కష్టం మా ఆఫీసులో ఎదురైంది. ఆఫీసరు గారు చెడ్డవారు కాదు. ఫైలు చూసి నుదురు రుద్దుకుని, "దీనికింత రాద్ధాంతం ఎందుకు? ఆవిడతో కొత్త ఓటరుగా అర్జీ పెట్టించు. పదిహేను రోజుల్లో పేరు ఎక్కించేద్దాం. పాత కాగితం జోలికి పోకు. పోతే నీ సంతకమే ముందు బయటికొస్తుంది" అన్నారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. బయటికొచ్చి వీర్రాజు గారికి ఫోన్లో చెప్పాను. 

"కొత్తగా చేరిస్తే, ఇన్నాళ్ళూ ఆవిడ ఊళ్ళో లేదనే కదమ్మా అర్థం? వెళ్ళి, తిరిగొచ్చిందని. ఆ కాగితం కూడా వాళ్ళ ప్లీడరుకే పనికొస్తుంది."

"మరి నన్నేం చెయ్యమంటారండీ?"

"నేను చెప్పకూడదమ్మా. ఉద్యోగం మీది. నాదైతే అయిపోయింది. నేను మాత్రం కోర్టులో నిలబడి ఉన్నదున్నట్టు చెప్తాను. పెన్షను ఎప్పుడొస్తే అప్పుడే వస్తుంది."

రెండు రోజులు కుదురులేదు. బల్ల దగ్గర కూర్చుంటాను, లేస్తాను, వరండాలోకి వెళ్తాను, మళ్ళీ వస్తాను. పక్క సీటాయన, "ఏంటమ్మా, కాలు కాలిన పిల్లిలాగ తిరుగుతున్నారు?" అన్నాడు. మూడో రోజు ఒక కాగితం తీసుకుని చేత్తో రాశాను. ఈ పేరు తీసేముందు విచారణ జరగలేదని, విచారించినట్లు రాసింది నేనేనని, ఆధారం అందని సమను ఒక్కటేనని, పేరు పొరపాటున తీసినట్టుగా నమోదు చేసి తిరిగి ఉంచాలని. సంతకం ఈసారి పూర్తిగా పెట్టాను. ఆఫీసరు గారు దాన్ని రెండుసార్లు చదివి, "నీ ఇష్టం" అని పైకి పంపారు. ఆయన అడ్డుపడి ఉంటే ఆపగలిగేవారు. ఆపలేదు. ఆ సంగతి కూడా చెప్పాలి కదా. సంజాయిషీ అడుగుతూ నాకు ఛార్జిమెమో వచ్చింది. అప్పటిదాకా ఊరు కదలని నన్ను వేరే మండలానికి బదిలీ చేశారు.

కోర్టులో వీర్రాజు గారు సాక్ష్యం చెప్పిన రోజు నేను వెనక బెంచీ మీద కూర్చున్నాను. బావగారి ప్లీడరు గొంతు పెంచి, "అంటే ఆనాడు మీరు కోర్టుకి అబద్ధం రాశారా?" అని అడిగాడు.

"అబద్ధం రాయలేదండి. విన్నది విన్నట్టే రాసేను. చదివినవాళ్ళు చూసినట్టు చదువుకున్నారు" అన్నారాయన. మళ్ళీ తనే, "వెళ్ళి చూడకపోవడం మాత్రం నా తప్పేనండి" అన్నారు.

పాత తీర్పు కొట్టేశారు. కేసు మొదటినుంచి విన్నారు. ఏళ్ళు పట్టింది. చివరికి పెద్దమనుషులు కూర్చుని రాజీ చేస్తే, నాగమణికి చెరువులో సగం కన్నా కొంచెం తక్కువ వచ్చింది. "చాల్లెండి, నా గట్టు నాకుంది" అంది. తరవాతి ఎన్నికలో ఓటు వేసి, వేలి మీద సిరాతో ఆకివీడు సంతలో ఎదురుపడింది. ఇద్దరం నవ్వుకున్నాం కాని, మాటలు పెద్దగా సాగలేదు. ఆవిడ నన్ను క్షమించిందో లేదో నాకిప్పటికీ తెలియదు. అడగలేదు. అడిగితే మర్యాదకి క్షమించానంటుంది.

వీర్రాజు గారి పెన్షను ఏడాదికి పైగా ఆగింది. ఆ ఏడాది ఆయన ఉల్లిపాయల మార్కెట్టులో చీట్లు రాసే పనికి వెళ్ళారని నాకు ఆలస్యంగా తెలిసింది. వెళ్ళి గొడవపడ్డాను, ఒక్క మాట చెప్పలేదేమని. "చెప్తే మీరింకా తిరిగేవారు కదమ్మా, అసలే కుదురులేని మనిషి" అని నవ్వేశారు. ఆయన పోయిన సంగతి కూడా నాకు పదకొండో రోజునే తెలిసింది. వెళ్ళేసరికి భోజనాలు అవుతున్నాయి. ఎవరూ నన్ను గుర్తుపట్టలేదు. విస్తరి ముందు కూర్చుని తిన్నాను. కన్నీళ్ళు రాలేదు. ఇంటికొచ్చి మాత్రం ఆ వారమంతా నిద్రలో ఎవరో నన్ను పూర్తి పేరుతో పిలుస్తున్నట్టు ఉలిక్కిపడి లేచేదాన్ని.

ఇప్పుడు నేను డిప్యూటీ తహసీల్దారుని. ఈ ఏడు కూడా జాబితా సవరణ జరుగుతోంది. ఇప్పుడు నోటు పుస్తకాలు లేవు. మరణాల రిజిస్టరు, రేషను కార్డులు, ఇంకేవేవో రికార్డులు కంప్యూటరే పోల్చి, తీసేయాల్సిన పేర్లు వరసగా ఇస్తుంది. చాలామటుకు సరిగ్గానే ఇస్తుంది. సంతకం పెట్టడమే నా పని. చూడకుండా పెట్టలేను. వందల పేర్లు అన్నీ చూడలేనని తెలుసు. అయినా నాలుగైదు పేర్లు ఏరుకుని, సెలవు రోజున బస్సెక్కి వెళ్తాను. మా ఇంట్లో దీన్ని నా పిచ్చి అంటారు.

మొన్న ఆదివారం ఉంగుటూరు దగ్గర కాలవ గట్టునున్న ఒక ఇంటికి వెళ్ళాను. డెబ్బై దాటిన ఒకాయన పేరు. ‘మరణించారు’ అని ఉంది. గుమ్మంలో చెప్పులు విడిచి, పేరు పిలిచాను. కోడలు బయటికొచ్చింది. "మామగారు పోయి ఏడు నెలలైందండి" అంది.

"ఎప్పుడు పోయారమ్మా? ఎలా పోయారు?"

"పోయేరని చెప్తే నమ్మరేంటండి? ఫొటో చూపించమంటారా?" ఆవిడ గొంతు లేచింది. లోపల గోడ మీద దండ వేసిన ఫొటో కనబడుతూనే ఉంది. సిగ్గేసింది. తప్పయిందని చెప్పి వెనుదిరగబోయాను. అప్పుడావిడే, "ఆగండి, ఇంత ఎండలో వచ్చేరు" అని మజ్జిగ తెచ్చి ఇచ్చింది. అరుగు మీద నా పక్కన కూర్చుని, ఆయన ప్రతి ఎన్నికకీ తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని అందరికన్నా ముందు వరసలో నిలబడేవారని చెప్పింది. పోయిన ఎన్నికకి నడవలేకపోతే కొడుకు బండి మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాడట. చెప్తూ చెప్తూ ఆగి అడిగింది.

"ఇప్పుడు మీరు తీసేస్తే, ఆయన పేరు సర్కారులో ఇంకెక్కడా ఉండదాండి?"

 జవాబు కోసం ఆవిడ ఎదురుచూడలేదు. ఆయన గురించి ఇంకో అరగంట చెప్పింది, నేను విన్నాను. బయల్దేరే ముందు కాగితం మోకాలి మీద పెట్టుకుని, మరణించినట్లు కోడలు చెప్పారని, ఫొటో నేను చూశానని, రెండూ విడివిడిగా రాశాను. ఆ కింద నా పేరు పూర్తిగా రాసి సంతకం పెట్టాను.